బేసు పెంచితే పద్యం ఎందుకు మునిగింది?

తిరనాళ్ల రాత్రి. స్టేజీ మీద పౌరాణిక నాటకం నడుస్తోంది. కృష్ణ వేషధారి రాగం అందుకున్నాడు, హార్మోనియం ఆయన వెంటే లేచింది. ‘బేసు సరిపోలా బాబాయ్, కాస్త పెంచు’ అని ముందు వరసలోంచి ఒక కేక. మైకు సెట్టు ఆయన ఆంప్లిఫయర్ మీద బేసు నాబ్‌ను కుడివైపు తిప్పాడు. హార్మోనియం నిండుగా వినిపించింది, బాగుంది. పద్యంలో మాటలు మాత్రం దుప్పటి కింది నుంచి వస్తున్నట్టు మునిగిపోయాయి. ‘ఇప్పుడు మాట వినపడట్లా’ అని రెండో కేక.

చీరాల నుంచి చిలకలూరిపేట వెళ్లే దారిలో, పర్చూరు చుట్టుపక్కల పత్తి, మిర్చి ఊళ్లలో పెరిగినవాళ్లకు ఈ సీను కొత్త కాదు. ట్రాక్టరు మీద పాటలపెట్టె, పెళ్లి ఊరేగింపులో డీజే, శివరాత్రికి కోటప్పకొండకు కదిలే ప్రభల దగ్గర సౌండ్ బాక్సులు. ఎక్కడైనా బేసు దగ్గరే పేచీ. మీరు ఈసీఈ చదువుతున్నారా? అయితే ఈ పేచీలో మీకు పనికొచ్చే ప్రశ్న ఒకటి ఉంది. పెంచింది బేసు కదా, మునిగింది పద్యమేమిటి?

ఈ ప్రశ్నకు అంకెలతో జవాబు చెప్పి, ఆ జవాబును కోడ్‌గా రాసి, వినిపించగలిగితే అదే మీ ఫైనలియర్ ప్రాజెక్టు. ఆడియో డీఎస్పీ ఇంటర్వ్యూలో అరగంట ధైర్యంగా మాట్లాడటానికి సరిపడా సరుకు అందులో ఉంది. పాత ల్యాప్‌టాప్, ఇయర్‌ఫోన్లు, ఉచితంగా దొరికే ఆక్టేవ్ లేదా పైథాన్ చాలు.

అర ఎత్తు, అర అంచు

ఆ బేసు నాబ్ వెనక ఉన్నదాన్ని షెల్వింగ్ ఫిల్టర్ అంటారు. షెల్ఫ్ అంటే గోడకు కొట్టిన అర. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ గీతను గీస్తే అలాగే కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. లో షెల్ఫ్‌లో ఒక ఫ్రీక్వెన్సీకి కింద ఉన్న శబ్దమంతా ఒకే ఎత్తుకు లేస్తుంది, పైన ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. హై షెల్ఫ్ దీనికి తిరగేసినది, అంటే మన ట్రెబుల్ నాబ్. కొన్ని ఫ్రీక్వెన్సీలను పూర్తిగా కోసేసే లోపాస్, హైపాస్ ఫిల్టర్ల గురించి క్లాసులో విని ఉంటారు. షెల్ఫ్ ఏదీ కోయదు. ఎత్తుతుంది, దించుతుంది, అంతే.

ఇంగ్లండ్ ఇంజినీరు పీటర్ బాక్సాండాల్ 1952లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ప్రచురించిన టోన్ కంట్రోల్ సర్క్యూట్ ప్రపంచమంతా పాకింది. బేసుకో నాబ్, ట్రెబుల్‌కో నాబ్ ఉన్న ఆంప్లిఫయర్లు చాలావాటికి అదే తాత. డిజిటల్‌కు వచ్చాక 1987లో ఫిలిప్ రెగాలియా, సంజిత్ మిత్రా కలిసి ఆల్‌పాస్ ఫిల్టర్ ఆధారంగా ఒక నిర్మాణం చూపించారు. అందులో గెయిన్‌ను ఒక్క గుణకంతో విడిగా మార్చుకోవచ్చు. ఆ మిత్రాగారి డీఎస్పీ పాఠ్యపుస్తకం మీ కాలేజీ లైబ్రరీలోనే ఉండొచ్చు, ఓసారి చూడండి. ఆ తర్వాత రాబర్ట్ బ్రిస్టో జాన్సన్ ఆడియో ఈక్వలైజర్ సూత్రాలన్నీ ఒకచోట చేర్చి ‘ఆడియో ఈక్యూ కుక్‌బుక్’ రాశారు. ఇంజినీర్లు ఏళ్లుగా దాన్నే వంటల పుస్తకంలా పక్కన పెట్టుకుంటున్నారు. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ 2021లో దాన్ని అధికారిక నోట్‌గా ప్రచురించింది.

బేసు నాబ్ అర ఎత్తును మార్చుతుంది. కొన్ని మిక్సర్లలో రెండో నాబ్ కూడా ఉంటుంది, అర ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర మొదలవ్వాలో దానితో చెప్పొచ్చు. మన ప్రశ్నకు జవాబు మూడోదాంట్లో ఉంది. అర అంచు ఎంత నిటారుగా దిగాలి? గోడలా దిగాలా, చెరువు గట్టులా ఏటవాలుగా జారాలా? కుక్‌బుక్ దీన్ని షెల్ఫ్ స్లోప్ అంటుంది, గుర్తు ‘ఎస్’. ఊళ్లో ఆంప్లిఫయర్ మీద ఈ నాబ్ సాధారణంగా ఉండదు. అంచు వాలు తయారీలోనే స్థిరపడిపోయి ఉంటుంది.

పద్యం మునిగిన లెక్క

లెక్క చూద్దాం. 100 హెర్ట్జ్ దగ్గర లో షెల్ఫ్ పెట్టి 12 డీబీ పెంచామనుకోండి. అంచు వాలుగా, ‘ఎస్’ 0.5 ఉంటే, 200 హెర్ట్జ్ దగ్గర కూడా దాదాపు 2.7 డీబీ పెరుగుతుంది. 300 దగ్గర 1.5 డీబీ. ‘ఎస్’ను 0.25కు దించి మరింత వాలు చేస్తే 300 హెర్ట్జ్ దగ్గరే 2.8 డీబీ వచ్చి కూర్చుంటుంది. గొంతు నిండుదనం, హార్మోనియం మంద్ర స్వరాలు అన్నీ ఆ ప్రాంతంలోనే కలుస్తాయి. అక్కడ ఎత్తు పెరిగేకొద్దీ పైనుండే హల్లుల స్పష్టత వెనక్కి పోతుంది. మైకు సెట్టు ఆయన ఎత్తింది 100 హెర్ట్జ్ కింది భాగాన్ని. పద్యాన్ని ముంచింది పైకి కారిపోయిన ఈ రెండు మూడు డీబీలు.

అదే 12 డీబీని ‘ఎస్’ 1తో పెంచండి. 200 హెర్ట్జ్ దగ్గర 0.9 డీబీ, 300 దగ్గర 0.2 డీబీ మాత్రమే మిగులుతుంది. బేసు అంతే ఉంది, మాట తేలింది.

మరి ఇంకా నిటారుగా చేస్తే? ‘ఎస్’ 2 పెట్టి చూడండి. 200 హెర్ట్జ్ దగ్గర గెయిన్ సున్నా కంటే కిందికి, మైనస్ 1.4 డీబీకి దిగుతుంది. అటు 50 హెర్ట్జ్ దగ్గర మనం అడిగిన 12 దాటి 13.4 అవుతుంది. అంచుకు అటు ఒక గుబ్బ, ఇటు ఒక గుంట వస్తాయన్నమాట. గుబ్బా గుంటా లేకుండా ఉండగలిగే అత్యంత నిటారు అంచు ‘ఎస్’ 1 దగ్గరే. దాన్ని దాటితే గీత పొంగుతుంది. ఇది తప్పేమీ కాదు. సంగీతం మిక్స్ చేసేవాళ్లు కొందరు ఆ గుంటను కావాలనే తెచ్చుకుంటారు, బేసు పెరుగుతూనే దాని పైభాగం శుభ్రపడుతుంది కాబట్టి. అయితే మీకు తెలియకుండా వస్తే మాత్రం అది బగ్గే.

ఒక చక్కని సంగతి గమనించండి. ‘ఎస్’ ఎంత మార్చినా 100 హెర్ట్జ్ దగ్గర గెయిన్ మారదు. ఎప్పుడూ సరిగ్గా సగం, 6 డీబీ. ఆ బిందువు దగ్గర మేకు కొట్టి గీతను అటూ ఇటూ తిప్పినట్టు ఉంటుంది. ఎందుకలా అని ఇంటర్వ్యూలో అడిగితే అనలాగ్ ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌లో మధ్య ఫ్రీక్వెన్సీ విలువ వేసి రెండు లైన్లలో చూపించొచ్చు. లవంలో, హారంలో నిజభాగాల పరిమాణం ఒకటే, కల్పితభాగాలు ఒకటే. బయట మిగిలేది ‘ఏ’ అనే గుణకం ఒక్కటే. కాగితం మీద ఒకసారి మీ చేత్తో చేసి చూసుకోండి. చూసి బట్టీ పడితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

సూత్రం చిన్నదే

కావాల్సిన గెయిన్‌ను డీబీల్లో తీసుకుని 40తో భాగించండి. 10కి అంత ఘాతం వేస్తే వచ్చేది ‘ఏ’. మధ్య ఫ్రీక్వెన్సీని శాంప్లింగ్ రేటుతో భాగించి 2 పైతో గుణిస్తే కోణం. వాలు నుంచి ‘క్యూ’ ఇలా వస్తుంది:

1 ÷ ‘క్యూ’ = వర్గమూలం [ (‘ఏ’ + 1/‘ఏ’) × (1/‘ఎస్’ − 1) + 2 ]

‘ఎస్’ 1 పెడితే మధ్యలో ఉన్న పదం మాయమై ‘క్యూ’ 0.707 అవుతుంది, మీకు బాగా తెలిసిన బటర్‌వర్త్ అంకె. కోణం సైన్‌ను రెండు ‘క్యూ’లతో భాగిస్తే ఆల్ఫా. ‘ఏ’, కోసైన్, ఆల్ఫా ఈ మూడింటితో ఆరు గుణకాలు కట్టొచ్చు, వాటి సూత్రాలు కుక్‌బుక్‌లో వరసగా ఉన్నాయి. అనలాగ్ ఫిల్టర్‌ను డిజిటల్‌కు తెచ్చే బైలీనియర్ ట్రాన్స్‌ఫార్మ్ పని అందులోనే అయిపోయింది. అన్నిటినీ మొదటి హార గుణకంతో భాగిస్తే ఐదు మిగులుతాయి. ఒక్కో శాంపిల్‌కు ఐదు గుణకారాలు, నాలుగు కూడికలు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర సెకనుకు 2,40,000 గుణకారాలు. కొన్ని వందల రూపాయల మైక్రోకంట్రోలర్ బోర్డు కూడా ఈ పని సునాయాసంగా చేస్తుంది.

కోడ్ సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి మూడు చోట్ల చూడండి. సున్నా హెర్ట్జ్ దగ్గర పూర్తి గెయిన్, మధ్య ఫ్రీక్వెన్సీ దగ్గర సగం డీబీలు, శాంప్లింగ్ రేటులో సగం దగ్గర సున్నా డీబీ రావాలి. తర్వాత నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష. ఒక పాటను +12 డీబీ షెల్ఫ్ గుండా పంపి, వచ్చినదాన్ని అదే ‘ఎస్’తో −12 డీబీ షెల్ఫ్ గుండా పంపండి. ఈ డిజైన్‌లో ఆ రెండూ ఒకదానికొకటి కచ్చితమైన విలోమాలు. అసలు పాటను అందులోంచి తీసేస్తే దాదాపు నిశ్శబ్దం మిగలాలి. ఏదైనా వినపడిందంటే ఎక్కడో గుర్తు తప్పారు.

ఇక్కడే చాలామంది జారేది

ఇంతవరకు వచ్చినవాళ్లు చాలామంది గ్రాఫ్ గీసి, రిపోర్టు బైండింగ్ చేయించి, ప్రాజెక్టు అయిపోయిందంటారు. కంపెనీకి కావాల్సిన పని నిజానికి ఇక్కడే మొదలవుతుంది.

మీ ప్రోగ్రామ్‌లో ‘ఎస్’కు ఒక స్లైడర్ పెట్టి 2 దాకా తిప్పనిచ్చారు. 12 డీబీ దగ్గర బాగానే పనిచేసింది. గెయిన్‌ను 24 డీబీకి పెంచగానే శబ్దం పోయింది, మళ్లీ వెనక్కి తిప్పినా రాలేదు. ఏమైంది? పైనున్న సూత్రంలో వర్గమూలం లోపల చూడండి. ‘ఎస్’ 1 దాటితే మధ్య పదం రుణాత్మకం అవుతుంది. 12 డీబీకి ‘ఎస్’ దాదాపు 5 దాకా వెళ్లొచ్చు. 24 డీబీకి 1.9 దగ్గరే ఆగాలి. అది దాటితే రుణసంఖ్యకు వర్గమూలం అడుగుతున్నారు. కంప్యూటర్ ‘సంఖ్య కాదు’ అని ఒక విలువ ఇస్తుంది. అది ఫిల్టర్ జ్ఞాపకంలోకి ఒక్కసారి దూరిందంటే తర్వాత వచ్చే ప్రతి శాంపిల్‌నూ పాడు చేస్తూనే ఉంటుంది. మొదటిసారి ఇది జరిగినప్పుడు నేను ఇయర్‌ఫోన్లు పోయాయనుకుని కొత్తవి కొన్నాను. స్లైడర్ గరిష్ఠ విలువను గెయిన్‌ను బట్టి లెక్కగట్టి ఆపాలి. ఈ ఒక్క వాక్యం ఇంటర్వ్యూలో చెప్పగలిగితే, మీరు ఫిల్టర్‌ను నిజంగా నడిపారని అవతలివాళ్లకు అర్థమవుతుంది.

రెండో గొయ్యి మైక్రోకంట్రోలర్ మీద ఉంది. చిన్న చిప్‌లలో దశాంశ లెక్కలకు బదులు 16 బిట్ల ఫిక్స్‌డ్ పాయింట్ వాడాల్సి రావొచ్చు. 48 కిలోహెర్ట్జ్, 100 హెర్ట్జ్, 12 డీబీ, ‘ఎస్’ 1 అనే మన ఉదాహరణలో హారంలోని ఒక గుణకం −1.987. మైనస్ 1 నుంచి 1 వరకే పట్టే ఫార్మాట్‌లో అది ఇమడదు. సరే, ఒక బిట్ జరిపి మైనస్ 2 నుంచి 2 వరకు పట్టేలా చేశారు, ఇమిడింది. కానీ ఇప్పుడు రెండు పక్క విలువల మధ్య మెట్టు 0.000061. బేసు గెయిన్‌ను నిర్ణయించేది హార గుణకాల మొత్తం, అదేమో 0.000085. ఒకటిన్నర మెట్టు కూడా లేదు! సర్దుబాటులో అటూ ఇటూ ఒక్క మెట్టు తేడా వచ్చినా మీ 12 డీబీ మరేదో అవుతుంది, ఒక్కోసారి ఫిల్టరే అదుపు తప్పుతుంది. బేసు కోసం కట్టిన ఫిల్టర్‌లో ముందు పోయేది బేసే. 32 బిట్లకు వెళ్లాలి, లేదా చిప్‌కు దశాంశ లెక్కల యూనిట్ ఉందేమో చూసుకోవాలి. పుస్తకంలో ‘క్వాంటైజేషన్ ఎఫెక్ట్స్’ అని ఐదు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేసింది ఇదే.

ఆర్మ్ చిప్‌లకు సీఎంసిస్ డీఎస్పీ లైబ్రరీ వాడేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి. అందులో హార గుణకాల గుర్తు మ్యాట్‌లాబ్‌కు తిరగేసి ఉంటుంది. ఆక్టేవ్‌లో వచ్చిన అంకెల్ని నేరుగా అతికించారంటే స్పీకర్ అరుస్తుంది. మొదటి రోజు వాల్యూమ్ బాగా తగ్గించి పెట్టుకోండి, చెవిలో ఇయర్‌ఫోన్లు అసలు వద్దు.

నడుస్తున్న పాటలో స్లైడర్ జరిపితే టకటక చప్పుడు వస్తుంది. గుణకాలు ఒక్కసారిగా దూకుతున్నాయి కాబట్టి. విలువను 20, 30 మిల్లీసెకన్లలో మెల్లగా జరిపితే పోతుంది. హై షెల్ఫ్‌ను 16 కిలోహెర్ట్జ్ లాంటి చోట పెడితే, బైలీనియర్ ట్రాన్స్‌ఫార్మ్ వల్ల గీత పైకొసన నొక్కుకుపోతుంది. లో షెల్ఫ్‌తో మొదలుపెట్టమనడానికి అదీ ఒక కారణం.

బ్రౌజర్‌లో లేని నాబ్

బోర్డు కొనలేకపోయినా ఫర్వాలేదు, బ్రౌజర్ ఉంది కదా. వెబ్ ఆడియోలో లో షెల్ఫ్, హై షెల్ఫ్ రెడీమేడ్‌గా దొరుకుతాయి. ఫ్రీక్వెన్సీ, గెయిన్ ఇస్తే చాలు. అయితే వాటిలో వాలు మార్చే వీలు లేదు. ‘ఎస్’ 1 దగ్గర బిగించేశారు, ‘క్యూ’ ఇచ్చినా షెల్ఫ్‌లు పట్టించుకోవు. ఆ లోటే మీ అవకాశం. ఆడియో వర్క్‌లెట్‌లో మీ సొంత షెల్ఫ్ రాసి, మూడో స్లైడర్ పెట్టి, పక్కనే గీత కదులుతుండేలా ఒక పేజీ చేయండి. ఇంటర్వ్యూ చేసేవారి ఫోన్‌లోనే లింక్ తెరిచి వినిపించొచ్చు. మీ కాలేజీలో మ్యాట్‌లాబ్ ఆడియో టూల్‌బాక్స్ ఉంటే అందులో గెయిన్, వాలు, ఫ్రీక్వెన్సీ మూడూ తీసుకునే షెల్వింగ్ ఫంక్షన్ ఉంది. మీ అంకెలు సరిచూసుకోవడానికి దాన్ని వాడండి, ప్రాజెక్టు చేయడానికి కాదు.

ఈ పని ఎవరికి కావాలి?

ఫోన్లు, ఇయర్‌బడ్స్, కారు స్టీరియోలు, టీవీలు, సౌండ్‌బార్లు, వినికిడి యంత్రాలు. ఇలాంటి వాటిలో శబ్దాన్ని సర్దే వరసలో షెల్ఫ్‌లు మామూలుగా ఉండేవే. 1985లోనే బెంగళూరుకు వచ్చిన టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్, హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్న క్వాల్‌కామ్, బెంగళూరులో హర్మన్, డాల్బీ లాంటి సంస్థల కెరియర్ పేజీల్లో ‘ఆడియో డీఎస్పీ’, ‘ఎంబెడెడ్ ఆడియో’, ‘ఆడియో ట్యూనింగ్’ అని వెతకండి. దాపరికం లేకుండా చెప్పాలంటే, వెబ్ డెవలప్‌మెంట్‌తో పోలిస్తే ఈ ఖాళీలు చాలా తక్కువ. క్యాంపస్‌కు వీళ్లు రాకపోవచ్చు, మీరే వెతుక్కుంటూ వెళ్లాలి. సీ భాషలో గట్టి పట్టు అడుగుతారు, పైథాన్ ఒక్కటే సరిపోదు. ఎక్కువ చోట్ల ఎంటెక్ అడుగుతారు కూడా. అందుకు గేట్ ఉండనే ఉంది. పోల్స్, జీరోస్, ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ ఆ సిలబస్‌లోనివే కాబట్టి ఈ ప్రాజెక్టు మీద పెట్టిన సమయం వృథా పోదు. పరిశోధన వైపు మనసుంటే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో స్పీచ్ ప్రాసెసింగ్ ల్యాబ్ ఉంది. బి.యజ్ఞనారాయణ లాంటి ఆచార్యులు ఐఐటీ మద్రాస్‌లో పనిచేశాక అక్కడికి వచ్చి ఈ రంగాన్ని నడిపారు.

రెజ్యూమెలో ‘డీఎస్పీ ప్రాజెక్టు చేశాను’ అని రాస్తే అందులో ఏమీ లేదు. ‘వాలు మార్చగల లో షెల్ఫ్ ఫిల్టర్. 0.25 నుంచి 2 వరకు వాలు, 24 డీబీ దగ్గర పరిమితి లెక్కగట్టి ఆపాను. 16 బిట్లలో ఎందుకు విఫలమైందో కొలిచి 32 బిట్లకు మార్చాను’ అని రాయండి. ప్రశ్నలు ఆ లైన్ చుట్టూనే తిరుగుతాయి, జవాబులు మీ దగ్గరే ఉన్నాయి. 16 బిట్ల వైఫల్యాన్ని దాచుకోకండి. నన్నడిగితే రెజ్యూమె మొత్తంలో బరువున్న మాట అదే.

జేఎన్‌టీయూ కాకినాడ పరిధి కాలేజీల్లో ఈసీఈ వాళ్లకు డీఎస్పీ మూడో ఏడాదిలో వస్తుంది. రెండో ఏడాది సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ అర్థమైతే అప్పుడే మొదలుపెట్టొచ్చు. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు మీ ఊరి నాటకం రిహార్సల్ దగ్గర అనుమతి అడిగి, ఫోన్‌తో రెండు నిమిషాల పద్యం రికార్డు చేసుకోండి. దాన్ని 100 హెర్ట్జ్, 12 డీబీతోనే ‘ఎస్’ 0.25, 1, 2 అని మూడు ఫైళ్లు చేయండి. ఒకటో ఫైలు, రెండో ఫైలు, మూడో ఫైలు అని మాత్రమే పేర్లు పెట్టండి. ఏది ఏదో చెప్పకుండా మంచి స్పీకర్ మీద మీ ఊరి మైకు సెట్టు ఆయనకు వినిపించండి. ఆయన ఏది బాగుందన్నాడో, ఏ మాట దగ్గర మొహం చిట్లించాడో రాసుకుని, అప్పుడు గ్రాఫ్ తెరిచి చూడండి.